కళ్లజోడు చీటీ చదవడం నేర్చుకుంటే సగం తలనొప్పి పోతుంది

రెండేళ్ల కిందట కొత్త కళ్లజోడు పెట్టుకుని షాపు మెట్లు దిగుతుంటే కింది మెట్టు ఉండాల్సిన చోట లేదనిపించింది. నేల ఒక పక్కకి ఒరిగినట్టుంది, ఎదురుగా కరెంటు స్తంభం వాలినట్టుంది. వెనక్కి వెళ్లి చెబితే "కొత్త అద్దాలు కదా సార్, నాలుగు రోజుల్లో అలవాటైపోతాయి" అన్నారు. సరే అనుకున్నా. ఆ నాలుగు రోజులూ మూడు వారాలయ్యాయి. సాయంత్రమయ్యేసరికి కణతల దగ్గర పోటు, టీవీలో కింద పరిగెత్తే అక్షరాలకి తోకలు. చివరికి ఇంకో షాపులో ఆ జోడుని మిషన్ కింద పెట్టించి చూస్తే సంగతి బయటపడింది. డాక్టరు చీటీలో కుడికన్ను యాక్సిస్ (లెన్స్‌ని తిప్పి బిగించాల్సిన కోణం) 10, లెన్స్‌లో ఉన్నది 100. ఎవరో ఒక సున్నా ఎక్కువ కొట్టారు, అంతే. తమాషా ఏంటంటే మొదటి షాపు ఇచ్చిన బిల్లు మీద కూడా 100 అనే ఉంది. ఆ బిల్లూ, డాక్టరు చీటీ మూడు వారాలుగా నా పర్సులో పక్కపక్కనే ఉన్నాయి, చదవడం నాకు రాలేదు.

అప్పటినుంచి ఆ చీటీ మీద అంకెలన్నీ ఏంటో పట్టుబట్టి తెలుసుకున్నా. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పదో తరగతిలో కటకాల పాఠం చదివినవాళ్లకి సగం వచ్చినట్టే.

పవర్ అంటే కంటి బలం కాదు

ముందు ఈ ఒక్క అపోహ తీసేసుకుందాం. "నాకు మైనస్ రెండు" అనగానే ఎదుటివాళ్లు జాలిగా చూస్తారు, కంట్లో ఏదో రెండు మార్కులు తగ్గినట్టు. పవర్ అనేది దూరం లెక్క మాత్రమే. కంట్లోకి వచ్చే వెలుతురు వెనకాల ఉన్న రెటీనా మీద సరిగ్గా ఒక చుక్కలా పడాలి. పెద్దవాళ్ల కన్ను ముందునుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లుంటుంది. వెలుతురుని వంచే పని మొత్తం 60 డయాప్టర్ల దాకా ఉంటే అందులో 43 వరకూ ముందున్న కార్నియాదే, మిగిలింది లోపలి లెన్స్‌ది. కనుగుడ్డు ఒక్క మిల్లీమీటరు పొడుగైనా చాలు, చుక్క రెటీనా ముందే ఏర్పడిపోయి, సుమారు రెండున్నర మూడు డయాప్టర్ల మైనస్ సైట్ వచ్చేస్తుంది. అంటే కన్ను బలహీనపడలేదు, కొలత తప్పింది. దర్జీ కుట్టిన చొక్కా చెయ్యి అంగుళం పొడుగైతే గుడ్డ పాడైందని అనం కదా.

డయాప్టర్ అంటే మీటరుని తిరగేసిన లెక్క. ఒక మీటరు దూరంలో కిరణాల్ని కలిపే లెన్స్ 1 డయాప్టర్, అర మీటరులో కలిపితే 2, పావు మీటరులో అయితే 4. కిరణాల్ని లోపలికి కలిపేది ప్లస్, బయటికి విప్పేది మైనస్. మైనస్ సైట్ ఉన్నవాళ్ల కంట్లో వెలుతురు తొందరపడి ముందే కలిసిపోతుంది కాబట్టి, లోపలికి వెళ్లేముందే దాన్ని కొంచెం విప్పి పంపిస్తే సరిగ్గా వెళ్లి రెటీనా మీద పడుతుంది. కళ్లజోడు చేసే పని ఇంతకన్నా ఏం లేదు.

మైనస్ ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. అద్దాలు తీసేసి, ఒక కన్ను మూసి, పేపర్లో చిన్న అక్షరాల్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా దూరం జరపండి. అక్షరం మసకబారడం మొదలయ్యే చోట ఆపి, ఎవరిచేతైనా టేపుతో కొలిపించుకోండి. 100ని ఆ సెంటీమీటర్లతో భాగిస్తే మీ పవర్ వస్తుంది. 50 సెంటీమీటర్లైతే −2, 40 అయితే −2.50, 20 అయితే −5. సిలిండర్ కూడా ఉంటే లెక్క కాస్త అటూఇటూ అవుతుంది, అయినా డాక్టరు రాసిన దానికి దగ్గర్లోనే వస్తుంది. నాకు మొదటిసారి వచ్చినప్పుడు చిన్నపిల్లాడిలా సంబరపడ్డా.

ప్లస్ సైట్‌కి ఈ పరీక్ష పనిచెయ్యదు. వాళ్ల కనుగుడ్డు కొంచెం పొట్టి, చుక్క రెటీనా వెనక్కి పోతుంది. చిన్న వయసులో లోపలి లెన్స్ ఉబ్బి ఆ లోటుని తనే పూడ్చేస్తుంది. అందుకే ప్లస్ ఉన్న పిల్లలు బోర్డు మీద గీత గీతా చదివేస్తారు, "చూపు బ్రహ్మాండం" అని పంపించేస్తారు, కానీ సాయంత్రం హోంవర్క్ దగ్గర కూర్చుంటే తలనొప్పి. చదువు ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడని రెండు తగిలించే ముందు ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చీటీలో గళ్లు

చీటీ మీద కుడి, ఎడమ కళ్లకి ఆర్‌ఈ, ఎల్‌ఈ అని ఉంటుంది, లేదంటే లాటిన్ పద్ధతిలో ఓడీ అంటే కుడి, ఓఎస్ అంటే ఎడమ. నా చీటీ ఇలా ఉంటుంది: కుడికి స్ఫియర్ −2.00, సిలిండర్ −0.75, యాక్సిస్ 10. ఎడమకి −2.50, −0.50, 170. కింద యాడ్ +1.50. 

స్ఫియర్ సంగతి పైన చెప్పుకున్నదే, అన్ని దిక్కులా సమానంగా ఉండే పవర్. అంకెలు పావు పావు చొప్పునే మారతాయి, 0.25, 0.50, 0.75 ఇలా. పోయినసారికీ ఇప్పటికీ పావు తేడా వస్తే కంగారుపడక్కర్లేదు. పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా చూపించినా ఆ మాత్రం తేడా వస్తుంది.

సిలిండర్ దగ్గరే అందరికీ టెన్షన్. కార్నియా బంతిలా అన్ని పక్కలా ఒకే వంపుతో ఉండాలి. చాలామందికి అది కోడిగుడ్డు పక్కభాగంలా ఉంటుంది, ఒక దిక్కున వంపు ఎక్కువ, దానికి అడ్డంగా తక్కువ. అప్పుడు నిలువు గీతలు ఒక చోట, అడ్డ గీతలు ఇంకో చోట కలుస్తాయి. రాత్రిపూట వీధిలైటు చుట్టూ ఒకే దిక్కున గీతలు సాగినట్టు కనిపిస్తే ఇదే కారణం కావచ్చు. ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీకి ఎడమకంటితో చూస్తే నక్షత్రం చుక్కలా కాకుండా గీతలా కనిపించేదట. ఆయన ఊరుకోకుండా తన కంటిని తనే కొలుచుకుని, 1825లో దానికి సరిపోయే సిలిండర్ లెన్స్ చేయించుకున్నాడు. మనం ఇవాళ రెండు నిమిషాల్లో రాయించుకునే గడి వెనక అంత కథ ఉంది.

ఆ సిలిండర్‌ని ఏ కోణంలో తిప్పి బిగించాలో చెప్పేదే యాక్సిస్. 1 నుంచి 180 దాకా ఉంటుంది, దానికి ప్లస్సూ మైనస్సూ ఉండవు, అది పెరిగితే జబ్బు పెరిగినట్టూ కాదు. 10 నుంచి 170కి మారిందని ఒకాయన నా దగ్గర గుండెలు బాదుకున్నాడు. గడియారం డయల్ సగంలా ఊహించుకుంటే 180 దాటాక మళ్లీ 1 వస్తుంది కాబట్టి ఆ రెండింటికీ మధ్య తేడా 20 డిగ్రీలే. కానీ లెన్స్ బిగించేటప్పుడు మాత్రం యాక్సిస్ తప్పకూడదు. 30 డిగ్రీలు తప్పితే సిలిండర్ అసలు పెట్టనట్టే లెక్క, మసక అలాగే మిగిలిపోతుంది. 90 డిగ్రీలు తప్పితే మసక రెండింతలవుతుంది. నాకు జరిగింది సరిగ్గా అదే. 10కి బదులు 100 పెట్టారు కాబట్టి 0.75 దోషాన్ని తీసేయాల్సిన లెన్స్ దాన్ని 1.50 చేసి కూర్చుంది. నాకు సిలిండర్ చిన్నది కాబట్టి తలనొప్పితో పోయింది, 2 ఉన్నవాళ్లైతే రోడ్డు దాటలేరు.

ఇంకో గందరగోళం. ఒక చోట "−2.00, −1.00, 180" అని రాసి, ఇంకో చోట "−3.00, +1.00, 90" అని రాస్తే పవర్ ఒక్కసారిగా 1 పెరిగిందని హడలిపోతారు. రెండూ ఒకటే. స్ఫియర్‌నీ సిలిండర్‌నీ కలపండి, సిలిండర్ గుర్తు తిరగేయండి, యాక్సిస్‌కి 90 కలపండి (180 దాటితే అందులోంచి 180 తీసేయండి). ఒకదాన్నుంచి ఇంకోటి వచ్చేస్తుంది. రెండు చీటీలు పోల్చేముందు సిలిండర్ గుర్తు చూడటం మరిచిపోకండి.

పక్కన 6/6, 6/9, 6/60 అని ఉండేవి పవర్ కాదు, చూపు ఎంతవరకూ ఉందో చెప్పేవి. 6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని మీరు 6 మీటర్లకి వస్తేగానీ గుర్తుపట్టలేదని అర్థం. డచ్చి డాక్టరు స్నెల్లెన్ 1862లో ఈ అక్షరాల చార్టు తయారుచేశాడు. 6/6 గీతలో అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్ల లోపే. చాలా క్లినిక్కుల్లో ఎదురుగా అద్దం పెట్టి దాంట్లో చార్టు చూపించేది 6 మీటర్ల గది లేకే, 3 మీటర్లు వెళ్లి 3 మీటర్లు తిరిగొస్తే 6 అయినట్టు. అంకె ముందు ఎన్ ఉండి ఎన్6, ఎన్8 అని ఉంటే అది దగ్గర చదివే చార్టుది.

చివర్లో యాడ్. ఇది చత్వారం గడి. ఆ మాటలోనే నలభై ఉంది, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. లోపలి లెన్స్ పదేళ్ల పిల్లాడికి పది డయాప్టర్లకి పైనే ఉబ్బగలదు, నలభై దాటేసరికి నాలుగైదు, అరవైకి ఒకటి మిగిలితే గొప్ప. అప్పుడు ఫోన్ చెయ్యి చాపినంత దూరం వెళ్తుంది, ఆ తర్వాత చెయ్యి సరిపోదు. యాడ్‌ని స్ఫియర్‌కి కలిపితే దగ్గరికి కావలసిన పవర్ వస్తుంది. నాకు −2.00కి +1.50 కలిపితే −0.50, అంటే దాదాపు సున్నా. అందుకే మైనస్ ఉన్నవాళ్లు అద్దాలు తీసేసి చదువుకుంటారు, "నాకింకా చత్వారం రాలేదు" అని కోతలు కూడా కోస్తారు (నేనూ కోశాను). సోమనాథ కవి సంస్కృతంలో రాసిన వ్యాసయోగిచరితంలో, విజయనగర రాజగురువు వ్యాసతీర్థులు కళ్లజోడు పెట్టుకుని గ్రంథం చదువుతున్న వర్ణన ఉంది, అది 1520 ప్రాంతం మాట. మనకి వయసు మీదపడిందని సిగ్గుపడేవాళ్లు అది గుర్తుచేసుకోవచ్చు.

బజార్లో దొరికే రెడీమేడ్ ప్లస్ అద్దాలు చెడ్డవేం కాదు, రెండు కళ్లకీ ఒకే పవర్, సిలిండర్ లేనివాళ్లకి పేపర్ చదవడానికి పనికొస్తాయి. కానీ వాటిని కొనేసి కంటి పరీక్షే మానేస్తారు చూడండి, అదీ ప్రమాదం. నలభై దాటాక గ్లకోమా (కంటి నరాన్ని మెల్లగా దెబ్బతీసే జబ్బు) నొప్పి లేకుండా రావచ్చు, కంట్లో ప్రెషరూ వెనక నరమూ చూస్తేగానీ దొరకదు.

పీడీ గడి చాలా చీటీల్లో ఖాళీగానే ఉంటుంది. రెండు కంటిపాపల మధ్య దూరం అది, పెద్దవాళ్లలో 63 మిల్లీమీటర్లకి అటూఇటూ. లెన్స్ నడిబొడ్డు కంటిపాప ఎదురుగా రావాలి. పవర్ చిన్నదైతే రెండు మిల్లీమీటర్లు తప్పినా తెలీదు. −5 ఉన్నవాళ్లకి ఒక్కో పక్క 4 మిల్లీమీటర్లు తప్పిందనుకోండి, 0.4 సెంటీమీటర్లని 5తో గుణిస్తే 2 ప్రిజమ్, అంటే మీటరు దూరంలో బొమ్మ రెండు సెంటీమీటర్లు పక్కకి జరిగినట్టు. రెండు కళ్లూ దాన్ని సరిదిద్దుకోవడానికి రోజంతా లాగుకుంటూ ఉంటాయి. ఆన్‌లైన్లో కొంటే పీడీ కొలిపించుకోకుండా కొనకండి, సొంతంగా స్కేలుతో అయితే మూడుసార్లు కొలిచి చూసుకోండి.

పరీక్షకి వెళ్లినప్పుడు

"కంప్యూటర్ కంటి పరీక్ష" అని బోర్డు ఉన్న చోట గడ్డం ఆనించి లోపల బొమ్మ చూడమంటారు, టక్కున ఒక చిన్న కాగితం వస్తుంది. అది చీటీ కాదు! ఆ మిషన్ ఇచ్చేది మొదటి అంచనా. ఆ తర్వాత మనిషి కూర్చుని ఒక్కో లెన్స్ మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగితేనే అసలు పవర్ తేలేది. ముఖ్యంగా పిల్లలు మిషన్లోకి చూసేటప్పుడు కన్ను బిగబట్టేస్తారు, లేని మైనస్ వస్తుంది, అందుకే పిల్లలకి ఆ బిగువు సడలే చుక్కల మందు వేసి కాసేపు ఆగి చూస్తారు. ఒక పూట బడి పోతుందని చుక్కలొద్దనకండి.

"ఇదా, అదా" అన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటే ఒకేలా ఉన్నాయనే చెప్పండి. ఇది పరీక్ష కాదు, తప్పు జవాబు ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ గళ్లలో అక్షరాలు చూపిస్తే ఏ రంగు మీదవి నల్లగా, పదునుగా ఉన్నాయో చెప్పాలి. మైనస్ ఉన్నవాళ్లకి ఆకుపచ్చలోవి పదునుగా ఉంటే మైనస్ ఎక్కువైందని, ఎరుపులోవి ఉంటే ఇంకాస్త కావాలని వాళ్లకి తెలుస్తుంది. పవర్ తేలాక, లెన్సులు మార్చి చూసే ఆ ఇనప ట్రయల్ ఫ్రేమ్ పెట్టుకుని పది నిమిషాలు వరండాలో తిరగండి, మెట్లెక్కి దిగండి, ఫోన్ చూడండి. సిగ్గుపడితే నష్టం మనకే.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. షుగర్ బాగా పెరిగినప్పుడు కంటి లోపలి లెన్స్ నీరు పట్టి పవర్ మారిపోతుంది, తగ్గాక మళ్లీ మారుతుంది. 300 ఉన్న రోజున అద్దాలు రాయించుకుంటే నెల తర్వాత అవి పనికిరావు. షుగర్ కొన్ని వారాలు అదుపులో ఉన్నాక వెళ్లండి, రెటీనా కూడా చూడమని అడగండి.

మీరు చేసే పని కూడా చెప్పండి. దర్జీ సూది దగ్గర పెట్టుకునే దూరం, బ్యాంకులో కంప్యూటర్ దూరం, హార్మోనియం ముందు పుస్తకం దూరం ఒకటి కావు, యాడ్ దాన్నిబట్టి మారుతుంది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ కంటి వెలుగు, 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన అద్దాలు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లు అవే వాడుతుంటే మంచిదే, కానీ చత్వారం పవర్ అరవై దాకా పెరుగుతూ పోతుంది, అప్పటి అద్దం ఇప్పుడు చాలకపోవచ్చు.

షాపులో

ఇక్కడే డబ్బులు జారిపోయేది. మామూలు ఫైబర్ అంటే సీఆర్-39 అనే ప్లాస్టిక్, వక్రీభవన గుణకం (వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.5. రెండు, మూడు లోపు పవర్‌కి ఇదే చాలు, చూపు కూడా చాలా శుభ్రంగా ఉంటుంది. పిల్లలకీ, ఆటలాడేవాళ్లకీ, ఒక్క కన్నుతోనే నెట్టుకొచ్చేవాళ్లకీ పాలీకార్బొనేట్ తీసుకోండి, బంతి తగిలినా పగిలి కంట్లో పడదు. అంచుల్లో కాస్త రంగులు విడిపోయినట్టు కనిపిస్తుంది, గీతలు తొందరగా పడతాయి, అయినా పర్లేదు. పెద్ద పవర్‌కి 1.6, 1.67, 1.74 అని థిన్ లెన్సులు చెబుతారు.

లెన్స్ మందం తగ్గించాలంటే అంతకన్నా చవకైన దారి చిన్న ఫ్రేమ్. లెక్క చూడండి. −6 పవర్‌కి మామూలు ఫైబర్‌లో నడిబొడ్డు నుంచి అంచుకి 30 మిల్లీమీటర్లుంటే అంచు మధ్యకన్నా 5.4 మిల్లీమీటర్లు మందం. అదే 25 మిల్లీమీటర్లకి తగ్గిస్తే 3.8. ఆ చిన్న ఫ్రేములోనే 1.67 వేయిస్తే 2.8. పెద్ద గుండ్రటి ఫ్యాషన్ ఫ్రేము ఎంచుకుని, అంచు మందం దాచడానికి వేలు పోసి 1.74 కొనేవాళ్లని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు.

యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ మాత్రం వేయించుకోండి. కోటింగ్ లేకపోతే లెన్స్ ఒక్కో పక్క 4 శాతం వెలుతురు వెనక్కి కొట్టేస్తుంది, రెండు పక్కలా 8, థిన్ లెన్స్ అయితే పది దాటుతుంది. రాత్రి బండి నడిపేవాళ్లకి ఎదుటి లైట్ల బాధ తగ్గుతుంది. స్క్రీన్ నీలి వెలుతురుని ఆపుతుందని అమ్మే బ్లూ కట్ గురించి నేను మొండిగా వద్దనే అంటాను. వైద్య ప్రయోగాల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను కలిపి చూస్తే, కంప్యూటర్ వాడేవాళ్ల కంటి అలసట మామూలు అద్దాలతో పోలిస్తే బ్లూ కట్‌తో తగ్గుతుందని తేలలేదు. స్క్రీన్ ముందు కళ్లు మండేది ఎక్కువగా రెప్ప వెయ్యడం మానేసి. అప్పుడప్పుడు కిటికీలోంచి దూరంగా చూడండి, ఖర్చు లేదు.

చత్వారం వచ్చినవాళ్లకి మూడు దారులు. విడిగా రెండు జోళ్లు. లేదంటే బైఫోకల్, కింద గుండ్రటి బిళ్ల ఉండేదాన్ని కేటీ అంటారు, పైన సాపుగా ఉండేది డీ. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో తన డబుల్ అద్దాల గురించి ఉత్తరంలో మురిసిపోయాడు, మన తాతలు వాడిందీ అదే సూత్రం. మూడోది ప్రోగ్రెసివ్, గీత కనపడదు, పైనుంచి కిందికి పవర్ మెల్లగా మారుతుంది. 1959లో ఫ్రాన్సులో వచ్చిన వేరిలక్స్‌తో ఇది జనంలోకి వచ్చింది. ప్రోగ్రెసివ్‌లో పక్కలకి చూస్తే అలలు అలలుగా ఉంటుంది, ఎంత ఖరీదైన దానిలోనైనా కొంత ఉంటుంది. కళ్లు కాదు, ముక్కు తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి. మెట్లు దిగేటప్పుడు గడ్డం కిందికి దించి పై భాగంలోంచి చూడాలి, లేకపోతే కింది ప్లస్‌లోంచి మెట్టు మసగ్గా కనపడి జారిపడతారు. రెండు వారాలు గడువివ్వండి. మెడ పట్టేసే కొందరికి డీ బైఫోకలే సుఖం, నామోషీ ఏం లేదు.

కొత్త జోడు చేతికొచ్చాక

షాపు వదలకముందే లెన్సోమీటర్ (లెన్స్ పవర్ కొలిచే మిషన్) మీద పెట్టి చూపించమని అడగండి, అంకెలు చీటీతో పోల్చండి. అడిగితే ఎవరూ కాదనరు, మొహం కాస్త మాడ్చుకుంటారేమో. ఇంట్లో అయితే ఇలా చూడొచ్చు. జోడుని చేత్తో పట్టుకుని లెన్స్‌లోంచి దూరంగా ఉన్న తలుపు చూస్తూ మెల్లగా పక్కకి జరపండి. తలుపు లెన్స్ వెళ్లిన వైపే కదిలితే మైనస్, ఎదురు దిక్కుకి కదిలితే ప్లస్. ఇప్పుడు కిటికీ చువ్వని చూస్తూ లెన్స్‌ని స్టీరింగ్‌లా తిప్పండి. చువ్వ వంగినట్టు కనిపిస్తే సిలిండర్ ఉంది, కదలకుండా ఉంటే లేదు. చదివే ప్లస్ అద్దం పవర్ తెలియాలంటే, పగలు కిటికీకి ఎదురుగోడ మీద బయటి చెట్లు బొమ్మలా పడేలా లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరపండి. బొమ్మ పదునైన చోట గోడకీ లెన్స్‌కీ మధ్య 50 సెంటీమీటర్లుంటే +2. 40 ఉంటే +2.50.

జోడు ముక్కు మీదికి జారినా పవర్ మారుతుంది తెలుసా. మైనస్ అద్దం దూరం జరిగితే కంటికి పనిచేసే బలం తగ్గుతుంది, ప్లస్ అయితే పెరుగుతుంది. తాతలు అద్దాలు ముక్కు చివరికి జార్చుకుని చదివేది ఊరికే కాదు. కాంటాక్ట్ లెన్స్ కంటికి అతుక్కునే ఉంటుంది కాబట్టి −6 అద్దాలవాళ్లకి −5.50 సరిపోతుంది, అద్దాల చీటీతో కాంటాక్ట్ లెన్సులు కొనెయ్యకండి.

తుడవడం గురించి ఒక్క ముక్క. చీరకొంగుతో, లుంగీతో పొడిగా రుద్దితే దుమ్మే గీతలు గీస్తుంది. నీళ్లు పోసి, గిన్నెల సబ్బు చుక్క రాసి కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి. ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే కోటింగ్ బీటలు వారుతుంది.

అద్దాలు పెడితే పవర్ పెరుగుతుందా

పెరగదు. పిల్లల్లో కనుగుడ్డు ఎదుగుతుంది కాబట్టి పెరుగుతుంది, జోడు పెట్టినా మానినా. మలేషియాలో 2002లో వెలువడిన ప్రయోగంలో కావాలని తక్కువ పవర్ ఇచ్చిన పిల్లలకే కొంచెం ఎక్కువ పెరిగింది. నిజంగా పనికొచ్చేది ఎండపొడ. చైనాలోని గ్వాంగ్‌జౌ బళ్లలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో కొత్తగా మైనస్ వచ్చినవాళ్లు 30 శాతం, మామూలుగా ఉన్నవాళ్లలో 40 శాతం దాకా అని 2015లో లెక్క తేలింది. ఒక కంటికే ఎక్కువ పవర్ ఉన్న చిన్నపిల్లలకి అద్దాలు మాన్పిస్తే మెదడు ఆ కన్నుని పట్టించుకోవడం మానేస్తుంది, ఏడెనిమిదేళ్లు దాటాక దాన్ని దారికి తేవడం చాలా కష్టం.

అద్దాలతో తీరే మసకా, తీరనిదా అన్నది తెలుసుకోవడానికి అట్టముక్కకి గుండుసూదితో కన్నం పెట్టి దాంట్లోంచి చూడండి. అక్షరాలు తేటపడితే పవర్ సమస్య, అద్దాలతో పోతుంది. సైట్ ఉన్న పిల్లలు కళ్లు చికిలించి చూసేది కూడా ఇదే కిటుకు, రెప్పలతో సన్న సందు చేసుకుంటారు. కన్నంలోంచి చూసినా మారకపోతే అద్దాల షాపుకి కాదు, కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కసారిగా మెరుపులు, నల్ల చుక్కల వాన, పక్కనుంచి తెర దిగినట్టు కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి, ముఖ్యంగా −6 దాటినవాళ్లు.

మా అమ్మ డెబ్బై దాటాక ఒకరోజు ఫోన్ చేసి "ఒరేయ్, అద్దాల్లేకుండా పంచాంగం చదివేస్తున్నానురా" అంది. పక్కింటావిడ అదంతా పొన్నగంటి కూర మహిమ అని తేల్చేసింది. పెద్దవయసులో కంటి లోపలి లెన్స్ గట్టిపడి శుక్లం మొదలైతే పవర్ మైనస్ వైపు జరుగుతుంది, కొన్నాళ్లు దగ్గరవి బాగా కనిపిస్తాయి, దూరం మసకబారుతుంది. అడిగితే అప్పుడు చెప్పింది, బస్సు బోర్డు కనపడటం లేదని. ఆపరేషన్ అయింది, లోపల కొత్త లెన్స్ పెట్టారు, బస్సు బోర్డులు చదువుతోంది, పంచాంగానికి మాత్రం మళ్లీ +2.50 అద్దాలు. పొన్నగంటి కూర వారానికొకసారి ఇప్పటికీ వండుతుంది.